ఐదు సీసపు అక్షరాలు

ఓహయో నది ఒడ్డున రిప్లీ రేవు.
పంతొమ్మిది వందల పన్నెండు, ఆగస్టు ఆఖరి వారం.
ష్టెగ్మన్ గారి అచ్చుకొట్లో
లెమ్యూల్ గాఫ్ ఓటు చీటీ కూర్చుతున్నాడు.

నలభై రెండు సవరణలు.
రోడ్లకు అప్పు, ఉరిశిక్ష రద్దు,
గోడల మీద ప్రకటన బోర్డులు, ఓట్ల యంత్రాలు.
అరవై ఏళ్ల నాటి రాజ్యాంగానికి దుమ్ము దులపాలని
సామానంతా ఒకేసారి వాకిట్లో వేసినట్టుంది.

ఇరవై నాలుగోది చిన్నది.
ఓటు ఎవరిదో రాసిన చోట
'తెల్ల' అన్న మాట కొట్టెయ్యాలా, ఉంచాలా?

కొట్టెయ్యమని అడగాలన్నా
ముందు దాన్ని పేర్చాలి కదా.
పేర్చాడు. ఎడమ నుంచి కుడికి, తలకిందులుగా.
వాళ్ల భాషలో ఐదు అక్షరాలు.
ఒక్కో గడిలోంచి ఒక్కో సీసపు ముక్క,
చల్లగా, వేలి కొసకి తెలిసీ తెలియనంత బరువు.
ఇరవై ఆరేళ్ల అలవాటు. కళ్లు అక్కర్లేదు.
ఆ ఒక్క మాట దగ్గర మాత్రం
దీపం కాస్త దగ్గరికి లాక్కున్నాడు.

వాళ్ల నాన్న
నది గడ్డకట్టిన ఒక జనవరి రాత్రి
కెంటకీ గట్టు నుంచి మంచు మీద పాకి వచ్చినవాడు.
డెబ్భైలో మొదటి ఓటు వేసొచ్చి
ఆ చొక్కా మళ్లీ ఉతకనివ్వలేదట.
దేశపు చట్టం ఆ మాటని అప్పుడే చంపేసింది.
చచ్చింది సరే,
నలభై రెండేళ్లుగా శవం నట్టింట్లోనే ఉంది.
అందరూ దాటుకుంటూ తిరుగుతున్నారు.

"నాది ఇరవై మూడు, నీది ఇరవై నాలుగు"
అంది డెల్ఫియా, అచ్చు నకలు చూసి.
ఇరవై మూడు ఆడవాళ్ల ఓటు.
"మంచం మీదే అనుకున్నా,
చీటీ మీద కూడా పక్కపక్కనేనా!"
నవ్వింది. బంగాళాదుంపలు మాత్రం
తొక్క కంటే ఎక్కువే చెక్కేసింది ఆ పూట.

మంగళవారం. ఫైరింజన్ షెడ్డులో పోలింగు.
గుర్రాల వాసన, చెమట, వరస.
ముందు నిలబడ్డ ఎబర్సోల్,
మేకులూ మడతబందులూ అమ్మే మనిషి,
వెనక్కి తిరిగి
"పిల్లకి జ్వరం తగ్గిందా లెమ్?" అన్నాడు.
నిజంగానే అడిగాడు.
తర్వాత తెర వెనక్కి వెళ్లాడు.
అక్కడ ఏం చేశాడో
దేవుడికీ పెన్సిలుకీ తెలియాలి.

శుక్రవారానికి లెక్క తేటతెల్లం.
ముప్ఫై నాలుగు నెగ్గాయి. ఎనిమిది ఓడాయి.
ఆ ఎనిమిదిలో
ప్రకటన బోర్డులూ డెల్ఫియా ఓటూ ఆ మాటా
ఒకే గంపలో.
తేడా ఎంతో లేదు.
ఎంతో లేదన్నది ఇంకా గుచ్చుకుంది.

కోపం రాలేదంటే అబద్ధం.
ఎవరి మీద రావాలో తెలియక
కొట్లోనే ఒక మూల కూర్చుంది అది,
వేళకి రాని ఖాతాదారులా.
శనివారం తెల్లవారింది.
ఏం చేస్తాం,
పొద్దు పొడవడానికి మన భాషకీ ఆ మాటే దొరికింది.
ఎబర్సోల్ దగ్గరే మేకులు కొన్నాడు. చిల్లర సరిగ్గానే ఇచ్చాడు.

కూర్చిన పేజీని విప్పాలి ఇక.
ఏ అక్షరం గడిలోకి ఆ అక్షరం.
అన్నం డబ్బా తెచ్చిన ఓర్లీనా,
పదకొండేళ్లది, జ్వరం తగ్గి ఇంకా బక్కగా,
"ఇది నేను విప్పుతా" అని
ఆ ఐదింటి మీదే చెయ్యి వేసింది.
వద్దందామనుకుని ఊరుకున్నాడు.

అది విప్పలేదు.
రెండో అక్షరం ఊడదీసి
పక్క గడిలోంచి ఇంకోటి ఏరి ఆ సందులో దూర్చింది.
తలకిందులు మాటని
తండ్రి లాగే తలకిందులుగానే చదివింది:
'రాయి.'

వాళ్ల భాషలో అది చెయ్యమనే మాట.
మన భాషలో మొయ్యాల్సిందీ అదే.

లోపలి గదిలోంచి ష్టెగ్మన్ కేక,
పొగాకు వేలం నోటీసు మధ్యాహ్నానికి కావాలని.
"ఆఁ, వస్తున్నా" అన్నాడు లెమ్యూల్.
కదల్లేదు.
పిల్ల వేళ్లకి సిరా అంటింది,
గౌనుకి తుడుచుకోబోయి ఆగి,
ఆ వేళ్లకేసే చూసుకుంటోంది.